పిల్లలకి చదువు ఏ దారిన ఎక్కుతుందో ఇంట్లోనే కనిపెట్టొచ్చు

ఈమధ్య మా ట్యూషన్‌లో పిల్లల్ని చేర్పించడానికి వచ్చే అమ్మలు తరచుగా ఒక మాట అంటున్నారు. "మావాడు విజువల్ లర్నర్ మేడం. నోటితో చెప్తే ఎక్కదు, చూపించాలి." ఇంకొకరు, "మా పాపది ఆడిటరీ అట, వింటేనే ఎక్కుతుందట" అంటారు. ఎవరు చెప్పారని అడిగితే ఫోన్‌లో ఏదో క్విజ్ చేయించామంటారు, లేకపోతే స్కూల్లో ఎవరో వచ్చి పరీక్ష పెట్టారంటారు.

నాది హైదరాబాద్‌లో సైదాబాద్. పదహారేళ్లుగా ఇంట్లోనే ట్యూషన్ చెప్తున్నాను. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా, రెండో తరగతి నుంచి ఎనిమిదో తరగతి వరకు పద్నాలుగు మంది పిల్లలు. అందరికీ ఒకేలా చెప్తే అందరికీ ఎక్కదన్నది రోజూ నా కళ్ల ముందు కనబడే విషయమే. అందుకే ఆ అమ్మల తాపత్రయం నాకు బాగా అర్థమవుతుంది. నేనూ ఆ దారిలోనే వెళ్లి దెబ్బతిన్నదాన్ని.

మా పెద్దమ్మాయి నాలుగో తరగతిలో ఉండగా ఎక్కాలు ఎంత చెప్పినా నిలిచేవి కావు. వేలిముద్రలు తీసుకుని పిల్లల మెదడు ఎలా పనిచేస్తుందో చెప్తామని ఒకచోట అంటే నమ్మి, 4,500 రూపాయలు కట్టాను. పది వేళ్ల ముద్రలూ తీసుకుని వారం తర్వాత రంగురంగుల పుస్తకం ఒకటి చేతిలో పెట్టారు. "మీ అమ్మాయి చూసి నేర్చుకునే రకం" అని అందులో రాసి ఉంది. ఇంక అంతే, ఇంటి గోడలన్నీ చార్టులే. ఏడాదిన్నర పాటు ఏ పాఠమైనా బొమ్మలతోనే, వీడియోలతోనే. పిల్ల సంతోషంగానే చూసేది. పరీక్షలో మాత్రం మళ్లీ అవే తప్పులు. వేలిముద్రల్ని బట్టి పిల్లల తెలివితేటలు చెప్పే ఈ పరీక్షలకు శాస్త్రీయమైన ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా చెప్పింది. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మీరు మాత్రం ఆ డబ్బు కట్టకండి.

ఈ చూసి, విని, చదివి, చేసి అనే విభజనకు మూలం ఎక్కడుందో కొంచెం తెలుసుకుంటే టెన్షన్ తగ్గుతుంది. న్యూజిలాండ్‌లో నీల్ ఫ్లెమింగ్ అనే ఆయన స్కూల్ ఇన్‌స్పెక్టర్‌గా ఎన్నో క్లాసులు చూశాక, 1992లో ఈ నాలుగు రకాల ప్రశ్నపత్రాన్ని బయటికి తెచ్చాడు. తర్వాత దాన్ని జనం పిల్లల మీద ముద్రలా వాడేసుకున్నారు. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు సైకాలజిస్టులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ ముందేసుకుని చూశారు. పిల్లలకి ఇష్టాలు ఉంటాయి, నిజమే. అయితే ఆ ఇష్టానికి తగ్గట్టు పాఠం చెప్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి సరైన ఆధారం వాళ్లకి దొరకలేదు. ఎనిమిది రకాల తెలివి అంటూ అందరూ చెప్పుకునే హోవర్డ్ గార్డ్‌నర్ కూడా, తను చెప్పింది వేరు, ఈ లర్నింగ్ స్టైల్స్ వేరు అని తర్వాత స్పష్టంగా రాశాడు.

మరి కనిపెట్టాల్సింది ఏమిటి? ఈ పిల్లకి, ఈ పాఠం, ఏ దారిన వెళ్తే నిలుస్తోంది అన్నది. పిల్లకి నచ్చిన దారి వేరు, నిలిచిన దారి వేరు కావచ్చు. రెండూ విడివిడిగా రాసుకుంటే తప్ప తెలియదు. దానికి ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్, రోజూ పావుగంట, మూడు నాలుగు వారాల ఓపిక చాలు.

నోట్‌బుక్ తెరిచే ముందు కళ్లు, చెవులు చూపించండి. ఇది తేలిగ్గా తీసుకోవద్దు. మూడో తరగతి పాప ఒకతి నా దగ్గరికి వచ్చేది. బోర్డు మీది లెక్క ఎప్పుడూ తప్పుగా దించుకునేది. అదే లెక్క నోటితో చెప్తే ఠక్కున చేసేది. "దీనికి వింటేనే ఎక్కుతుంది" అని వాళ్లమ్మ అనేది, నేనూ రెండు నెలలు అలాగే అనుకున్నాను. ఒకరోజు దసరా సెలవులు ఎప్పటినుంచో చూడమంటే, లేచి వెళ్లి గోడ మీది క్యాలెండర్‌కి ముక్కు ఆనుతుందేమో అన్నంత దగ్గరగా నిలబడింది. నాకు గుండె ఝల్లుమంది. కళ్లద్దాలు వచ్చాక బోర్డు చూసి రాయడం దానికి మామూలైపోయింది. మెహిదీపట్నంలో సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ఉంది, చెవులకైతే కోఠిలో ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది, రెండూ ప్రభుత్వానివే. తరచూ జలుబు చేసే పిల్లలకి, చెవి కారే పిల్లలకి వినికిడి తప్పకుండా పరీక్ష చేయించండి. రాత్రి పదకొండింటికి పడుకుని పొద్దున ఆరున్నరకి స్కూల్ బస్ ఎక్కే పిల్లకి ఏ పద్ధతీ పనిచేయదు, అది కూడా ముందే సరిచేసుకోవాలి.

ఇంకో మాట. మూడో తరగతి దాటినా అక్షరాలు తారుమారవుతూ, చదవడం మరీ కష్టంగా, మిగతా విషయాల్లో మాత్రం చురుగ్గా ఉంటే, దాన్ని నేర్చుకునే పద్ధతిలో తేడా అని సర్దిచెప్పుకోకుండా క్లినికల్ సైకాలజిస్ట్‌కి చూపించండి. చదవడంలో, రాయడంలో, లెక్కల్లో వచ్చే ఇలాంటి ఇబ్బందుల్ని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది. చూపించుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇక నోట్‌బుక్. మొదటి వారం ఏమీ చెప్పకండి, నేర్పకండి, చూడండి అంతే. పిల్ల కొత్త ఆట ఎలా నేర్చుకుంటోంది? అష్టాచెమ్మా ముందు పెడితే రూల్స్ చెప్పమంటోందా, పక్కన కూర్చుని ఒక ఆట చూస్తోందా, గవ్వలు లాక్కుని ముందు వేసేస్తోందా? స్కూల్ నుంచి వచ్చాక ఆ రోజు జరిగింది చెప్పేటప్పుడు మాటలే చెప్తోందా, లేచి నటించి చూపిస్తోందా, కాగితం మీద గీస్తోందా? చదివేటప్పుడు చేతులు ఏం చేస్తున్నాయి, పెదాలు కదులుతున్నాయా? ఏ చోట ఆగిపోతోంది? చూసింది చూసినట్టు ఒక్క వాక్యం రాయండి. "చురుకు", "బద్ధకం" లాంటి మాటలు రాయొద్దు. "ఏడో ఎక్కంలో 7×6 దగ్గర ఆగింది, వేళ్లు లెక్కపెట్టింది" అని రాస్తే పనికొస్తుంది.

రెండో వారం చిన్న పరీక్ష. దీన్ని నేను ఇప్పటికి చాలామంది పిల్లలతో చేశాను. నాలుగు రోజులు, రోజుకి పది కొత్త మాటలు, ఇంగ్లిష్ స్పెల్లింగులైనా సరే, తెలుగు పర్యాయపదాలైనా సరే. అన్ని రోజులూ ఒకే టైం, ఒకే పావుగంట. మొదటి రోజు మాట చూసి, పుస్తకం మూసి, గుర్తున్నది రాయాలి. రెండో రోజు మీరు చెప్తే పిల్ల తిరిగి చెప్పాలి. మూడో రోజు ప్రతి మాటకీ చిన్న బొమ్మ. నాలుగో రోజు అభినయం, అంటే చేతులతో, ఒంటితో చూపించడం. ఏ రోజుకారోజు పావుగంట అయిపోగానే "ఎంత నచ్చింది, అయిదుకి ఎన్ని మార్కులు?" అని పిల్లనే అడిగి రాయండి. మర్నాడు సాయంత్రం పుస్తకం తెరవకుండా ఎన్ని గుర్తున్నాయో అడిగి రాయండి. వారం తర్వాత మళ్లీ అడగండి. మాటల్లో కొన్ని తేలిక, కొన్ని కష్టం ఉంటాయి కాబట్టి, ఇంకో వారం, ఏ రోజు ఏ పద్ధతన్న వరస మార్చి చేస్తేనే ఆ అంకెల్ని నమ్మాలి.

మా పెద్దమ్మాయి అయిదో తరగతిలో ఉన్నప్పుడు రాసిన పేజీ ఇప్పటికీ దాచుకున్నాను. బొమ్మల రోజుకి నచ్చిన మార్కులు అయిదుకి అయిదు, వారం తర్వాత మిగిలిన మాటలు నాలుగు. పుస్తకం మూసి రాసిన రోజుకి నచ్చిన మార్కులు ఒకటి, మిగిలిన మాటలు ఎనిమిది. ఆ రెండు అంకెలు పక్కపక్కన చూశాక గోడ మీది చార్టులు నేనే తీసేశాను. ఏడాదిన్నర పాటు పిల్లకి నచ్చినదే పెట్టాను, పిల్లని గుర్తు తెచ్చుకోమని ఒక్కసారీ అడగలేదు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు అమెరికాలో కాలేజీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలోనూ ఇలాంటిదే తేలింది. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ముందున్నారు. అందుకే ఏ పద్ధతి వాడినా చివర్లో పుస్తకం మూయించండి.

అయితే అదే అమ్మాయికి లెక్కల్లో ఈ రాయడం పనికిరాలేదు. ఏడో ఎక్కం ఇరవైసార్లు రాసినా నిలవలేదు. మేడ మీద తొక్కుడు బిళ్ళ ఆడుతూ గడికో అంకె అరిచినప్పుడు నిలిచింది. కాబట్టి మాటల పరీక్ష చూసి "మాది రాస్తే నేర్చుకునే పిల్ల" అని ఇంకో ముద్ర వేసేయకండి. పాఠం కూడా ఒక దారి అడుగుతుంది. పటం చూడాల్సిందే. పద్యం చెవిన పడాల్సిందే, రాగం తీసి చదివితేనే అది నోటికి వస్తుంది. ఒత్తులు చేత్తో దిద్దాల్సిందే. తెలుగులో త వత్తు, న వత్తు, మ వత్తు, య వత్తు లాంటివి అసలు అక్షరంలా ఉండవు, ఎంత చూసినా రావు, చెయ్యి తిరగాలి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతి చెప్తాను. హైదరాబాద్‌లో మన పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, స్కూల్లో ఇంగ్లిష్. నేర్చుకునే పద్ధతి అనుకుని మనం వెతుక్కునేది చాలాసార్లు భాష దగ్గర చిక్కుకుని ఉంటుంది.

మా వీధి చివర కూరగాయల బండి పెట్టే ఆయన కొడుకు అయిదో తరగతి. ఫ్రాక్షన్స్ అస్సలు రావడం లేదని వచ్చాడు. ఒక్కచోట కూర్చోడు, పెన్సిల్ తిప్పుతూనే ఉంటాడు. చేత్తో చేస్తే ఎక్కుతుందేమోనని నేనే నోట్‌బుక్‌లో రాసుకుని, రెండు వారాలు కాగితాలు మడతపెట్టించాను, పట్టీలు కత్తిరింపించాను. అయినా 3/4కి 1/2 కలపమంటే పైవీ పైవీ, కిందవీ కిందవీ కలిపేసి 4/6 అని రాశాడు. ఆ సాయంత్రం విసుగు ఆపుకుని మామూలుగా అడిగాను.

"మీ బాపు ఒక సంచిలో ముప్పావు కిలో టమాటా, అర కిలో ఉల్లిగడ్డ వేశాడనుకో. సంచి ఎంత తూగుతుంది?"

తల కూడా ఎత్తలేదు. "కిలోంబావు ఆంటీ."

"మరి ఇక్కడ 4/6 అని రాశావు. అది కిలో కన్నా ఎక్కువా, తక్కువా?"

పెన్సిల్ తిప్పడం ఆగింది. కాగితం దగ్గరికి లాక్కున్నాడు. చాలాసేపు చూసి, మెల్లగా అడిగాడు. "త్రీ బై ఫోర్ అంటే ముప్పావేనా ఆంటీ?"

వాడికి అప్పటిదాకా ఆ రెండూ ఒకటేనని ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ముప్పావు అన్న మాటలోనే లెక్క ఉంది, మూడు పావులు. పైన ఉన్న 3 ఆ మూడు, కింద ఉన్న 4 ఆ పావు. అర అంటే రెండు పావులు. మూడూ రెండూ అయిదు పావులు, అంటే ఒకటింబావు. వాడి చేత వాడి భాషలోనే రెండుసార్లు చెప్పించాక 5/4 అని వాడే రాశాడు. ఆ వారంలో కలపడం, తీసివేయడం రెండూ వచ్చేశాయి.

అందుకని పిల్ల ఒక పాఠం దగ్గర ఆగితే, పద్ధతి మార్చే ముందు "ఇది నాకు తెలుగులో చెప్పు" అనండి. ఇంట్లో ఉర్దూ అయితే ఉర్దూలో. తెలుగులో చెప్పగలిగితే విషయం వచ్చినట్టే, ఇంగ్లిష్ మాటలే రావాలి. తెలుగులోనూ చెప్పలేకపోతే అప్పుడు వేరే దారి వెతకాలి. వీలైనచోటల్లా కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలోనే బోధించాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. స్కూల్ ఏ మీడియం అయినా ఇంట్లో ఈ పని మనం చేయొచ్చు.

స్కూల్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు "మా వాడు ఎలా చదువుతున్నాడు" అని అడిగితే "పర్లేదు" అన్న జవాబే వస్తుంది. "ఏ పాఠంలో వాడంతట వాడు చెయ్యి ఎత్తాడు?" అని అడగండి. టీచర్ ఒక్క పాఠం పేరు చెప్పినా చాలు, నోట్‌బుక్‌లో రాసుకోండి. ఫోన్ వీడియోల గురించి ఎక్కువ చెప్పను. పెడితే పెట్టండి, అయిదు నిమిషాలకోసారి ఆపి "ఇప్పటిదాకా ఏం చెప్పాడు?" అని అడగండి.

పిల్లతో మాట్లాడే తీరు కూడా చూసుకోండి. "ఎందుకు గుర్తులేదు?" అంటే తల దించుకుంటుంది. గుర్తున్నదాన్ని పట్టుకుని "ఇది నీకెలా గుర్తుందిరా?" అని అడిగితే వాళ్లే చెప్పేస్తారు. ఒక పాప "ఆ పేజీ కింద మూల మీద చాయ్ మరక ఉంది ఆంటీ, దాని పక్కనే ఉంది జవాబు" అంది. ఆ పాపకి పేజీలో చోటు గుర్తుంటుందన్నమాట. అప్పటినుంచి దానికి ఒక్కో పాఠం ఒక్కో పేజీ మీద, పైన సగం, కింద సగం విడగొట్టి రాయిస్తున్నాను.

మూడో వారంలో ఒకసారి బయటికి తీసుకెళ్లండి. నేను ఏటా పిల్లల్ని సాలార్‌జంగ్ మ్యూజియంకి తీసుకెళ్తాను. శుక్రవారం సెలవు, గుర్తుపెట్టుకోండి. అక్కడున్న పెద్ద గడియారం పన్నెండు కొట్టేటప్పుడు దాని ముందు ఉండేలా చూసుకోండి, పావుగంట ముందే వెళ్తే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. గడియారంలో చిన్న కమ్మరి బొమ్మ క్షణానికోసారి సుత్తి వేస్తూ ఉంటాడు. గంట కొట్టే వేళకి తలుపు తెరుచుకుని ఇంకో బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి మళ్లీ లోపలికి వెళ్లిపోతాడు. అక్కడ ఏమీ వివరించకండి. మీ చూపు గడియారం మీద కాకుండా పిల్లల మీద ఉండాలి. ఈసారి ఒకమ్మాయి పక్కనున్న బోర్డు మొత్తం చదివింది. ఒకడు గంటలు పైకే లెక్కపెట్టాడు. ఇంకొకమ్మాయి "లోపల కీ ఎవరిస్తారు?" అని అక్కడి గార్డుని అడిగింది. బండాయన కొడుకు మాత్రం నోరు తెరుచుకుని ఊరికే నిలబడ్డాడు. వాడికి ఏమీ ఎక్కలేదనే అనుకున్నాను.

అసలు పరీక్ష మర్నాడు. చూసొచ్చినదాన్ని, చూడని మనిషికి చెప్పమనాలి. అమ్మమ్మ, నానమ్మ, పక్కింటివాళ్లు, ఎవరైనా సరే. తెలిసినవాళ్లకి చెప్పమంటే పిల్లలు సగం మింగేస్తారు.

నేను మర్నాడు సాయంత్రం టమాటాల కోసం బండి దగ్గరికి వెళ్లేసరికి వాడు వాళ్ల బాపుకి చెప్తున్నాడు. అరకిలో రాయి చేతిలో పట్టుకుని, తరాజు పళ్లెం అంచున ఒక్కో దెబ్బ వేస్తూ, "గిట్ల కొట్టిండు బాపు, పన్నెండు సార్లు" అన్నాడు. మధ్యలో కమ్మరి సుత్తి కూడా ఎడమచేత్తో వేసి చూపించాడు. రెండు చేతులూ రెండు వేగాలతో కదులుతున్నాయి. వాళ్ల బాపు జోకడం ఆపి వింటున్నాడు. "మల్ల లోపటికి ఎట్ల పోయిండురా?" అని అడిగాడు. వాడు ఆగిపోయి నా వైపు చూశాడు. నేను ఏమీ చెప్పలేదు.

ఇంటికొచ్చి వాడి పేజీలో రాశాను: "రెండు చేతులతో చూపిస్తూ చెప్పాడు. పన్నెండులో ఒక్కటి తప్పలేదు. తలుపు సంగతి గుర్తులేదు. ఆదివారం మళ్లీ అడగాలి."